వ్యాక్సిన్ క్యారియర్: భుజాన మోసేవాళ్ల రివ్యూ

ఫోన్లకీ మిక్సీలకీ కుక్కర్లకీ రివ్యూలు రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, మన బస్తీల్లో పెరిగే పిల్లలందరికీ ఎప్పుడో ఒకప్పుడు అవసరపడే ఒక ప్లాస్టిక్ డబ్బా గురించి ఎవరైనా ఒక్క ముక్క రాశారేమో అని వెతికితే నాకైతే కనపడలేదు. బుధవారం, శనివారం అంగన్‌వాడీ దగ్గరో కమ్యూనిటీ హాల్లోనో టేబుల్ పక్కన నీలం రంగులో ఉంటుందే, అదే. వ్యాక్సిన్ క్యారియర్. నేను హైదరాబాద్‌లో ఒక అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఏఎన్ఎంగా (టీకాలు వేసే నర్సమ్మగా) ఫుల్ టైమ్ చేస్తున్నాను. మా ఇంట్లో ఫ్రిజ్ కంటే ఈ డబ్బాతోనే నాకు పరిచయం ఎక్కువ, కాబట్టి రాసే అర్హత ఉందనే అనుకుంటున్నా.

ఓపిక లేనివాళ్ల కోసం మార్కులు ముందే చెప్పేస్తా. ఎండని తట్టుకోవడంలో అయిదుకి అయిదు. లోపలి చలి నుంచి మందుని కాపాడటంలో రెండు. మోయడానికి వీలుగా ఉందా అంటే ఒకటి, అదీ సున్నా వేస్తే బాగుండదని.

చలి నుంచి కాపాడటం ఏంటి, చల్లగా ఉంచడానికే కదా ఆ డబ్బా అని మీకు అనిపిస్తే, అదిగో, ఈ రివ్యూ అంతా దాని గురించే.

ముందు వస్తువు సంగతి. మామూలుగా మాకిచ్చే రకంలో వ్యాక్సిన్ పట్టే చోటు 1.7 లీటర్లు. లోపలి గోడలకి ఆనించి నాలుగు ఐస్ ప్యాకులు నిలబెడితే మధ్యలో మిగిలిన చోట 16 నుంచి 20 వయల్స్ (చిన్న మందు సీసాలు) పడతాయి. వాటి మీద ఒక ఫోమ్ ప్యాడ్, దాని మీద మూత, మూతకి లాక్, భుజానికి వేసుకోవడానికి ఒక పట్టీ. గోడల మధ్యలో మందంగా ఫోమ్ నింపి ఉంటుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయే గొడవ లేదు. మా ఉద్యోగంలో ఓటీపీ అడగని వస్తువు ఇదొక్కటే అని మేం జోకులు వేసుకుంటాం. టీకాలు నమోదు చేసే యూ-విన్‌లో పిల్లల పేర్లు ఎక్కించేటప్పుడు నెట్ రాక ఫోన్ పైకెత్తి గల్లీ చివరిదాకా నడిచినవాళ్లకి ఆ జోకు బాగా తెలుస్తుంది.

ఎండ విషయంలో దీన్ని ఒక్క మాట అనడానికి లేదు. ఇలాంటి క్యారియర్లని బయట 43 డిగ్రీల వేడి ఉండేలా పెట్టి పరీక్షించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ప్రమాణం, మే నెలలో రేకుల షెడ్డు కింద కూర్చుని పనిచేసిన ఎవరికైనా ఆ అంకె ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మా మొహాలు వాడిపోయి ఉంటాయి, ఆశ అక్క కొంగుతో విసురుకుంటూ ఉంటుంది, టేబుల్ మీద స్టాంప్ ప్యాడ్ కూడా ఎండిపోతుంది, మూత తీస్తే మాత్రం లోపల చల్లగా, ప్యాకుల్లో ఇంకా ఐసు ముక్కలు గలగలమంటూ ఉంటాయి. అన్నిటికంటే వేడికి త్వరగా పాడయ్యేది పోలియో చుక్కల మందు. ఆ మందుని ఎర్రటి ఎండలో ఇల్లిల్లూ తిప్పి మన దేశంలో పోలియో లేకుండా చేశారంటే, 2011 జనవరి తర్వాత దేశంలో ఒక్క వైల్డ్ పోలియో కేసు కూడా రాలేదంటే, అందులో ఈ డబ్బా వాటా తక్కువేం కాదు.

నాకు ఎప్పుడూ వింతగా అనిపించే విషయం ఒకటుంది. మన ఊరు వ్యాక్సిన్లకి రాజధాని లాంటిది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ ఉంది, పిల్లల విరేచనాలకి వేసే రోటావాక్ చుక్కలు వాళ్లవే. 1953 నుంచి ఉన్న బయొలాజికల్ ఇ కూడా మన ఊరిదే. ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన మందుకి దారి పొడుగునా రాజభోగాలే. పెద్ద స్టోర్లలో మనిషి లోపలికి నడిచి వెళ్లేంత కూలర్లు, చల్లటి వ్యాన్లు, మా సెంటర్‌కి వచ్చాక ఐఎల్ఆర్ అనే ప్రత్యేకమైన ఫ్రిజ్. ఆ ఐఎల్ఆర్‌లో పెట్టిన పరికరం, ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయితే చాలు, అర్ధరాత్రి అయినా సరే బాధ్యులైన వాళ్ల ఫోన్‌కి మెసేజ్ కొడుతుంది, ఈ-విన్ అని దాని పేరు. ఇంత హంగామా అయ్యాక, సెంటర్ గుమ్మం దాటి బస్తీలోకి వెళ్లే చివరి రెండు మూడు కిలోమీటర్లకి ఆ మందంతా నా చేతిలో డబ్బాలోకి వస్తుంది. ఆ డబ్బాలో థర్మామీటర్ ఉండదు. లోపల రెండు డిగ్రీలుందో, ఎనిమిదుందో, సున్నాకి దిగిపోయిందో చెప్పే నాథుడు లేడు. లక్షలు పోసి ఇంత చైన్ కట్టి చివరి కొక్కెం దగ్గర మన అంచనాకి వదిలేశారు.

ఇక రెండు మార్కుల సంగతి.

వ్యాక్సిన్ అంటే చల్లగా ఉండాలి, ఎంత చల్లగా ఉంటే అంత మంచిది అని జనం అనుకుంటారు. కొత్తగా డ్యూటీలో చేరినవాళ్లలో కూడా కొందరు అలాగే అనుకుంటారు. నిజానికి ఉండాల్సింది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య. పెంటావాలెంట్ (అయిదు జబ్బులకి ఒకే సూది), హెపటైటిస్ బి, డీపీటీ, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకి), పీసీవీ (న్యుమోనియాకి), ఐపీవీ (సూదిగా వేసే పోలియో మందు), ఇవన్నీ గడ్డకడితే పాడైపోతాయి. హెపటైటిస్ బి అయితే సున్నాకి అర డిగ్రీ కిందకి దిగినా గడ్డకట్టేస్తుంది. ఒకసారి గడ్డకట్టిన మందుని మళ్లీ కరిగిస్తే చూడటానికి మామూలుగానే కనపడొచ్చు గానీ దాని బలం పోయినట్టే. వేడికి పాడైతే కనిపెట్టడానికి వయల్ మీద వీవీఎం అనే రంగు మారే గుర్తు ఉంది, చలికి పాడైతే ఆ గుర్తు ఏమీ చెప్పదు. బిడ్డకి సూది పడుతుంది, కార్డు మీద తేదీ పడుతుంది, తల్లి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతుంది. కోరింత దగ్గు నుంచో ధనుర్వాతం నుంచో ఆ బిడ్డకి రావాల్సిన కాపుదల మాత్రం రాదు, అది రాలేదని ఎవరికీ తెలియదు కూడా.

ఈ డబ్బాలో గడ్డకట్టించేది ఏది అంటే, మనం పెట్టే ఐస్ ప్యాకులే. డీప్ ఫ్రీజర్‌లో అవి మైనస్ 15 నుంచి 25 మధ్య ఉంటాయి. తీసినవి తీసినట్టు తెచ్చి డబ్బాలో పెట్టి మధ్యలో వయల్స్ పెడితే, ప్యాకుకి ఆనుకున్న వయల్ గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫోమ్ గోడలు ఎంత గట్టివైతే ఆ చలి లోపల అంత గట్టిగా నిలుస్తుంది. డబ్బా ఎంత మంచిదైతే ప్రమాదం అంత ఎక్కువ, అదే దీని తిరకాసు.

అందుకే కండిషనింగ్ అని ఒకటి చేయాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకులని టేబుల్ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి వదిలేయాలి. మొదట వాటి మీద తెల్లగా మంచు పొర ఉంటుంది, దాన్ని వేలితో గీస్తే గీత పడుతుంది. కాసేపటికి ఆ తెలుపు పోయి చెమట పడుతుంది, చిన్న చిన్న నీటి బొట్లు. అప్పుడు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడాలి. వినపడితే ఆ ప్యాక్ సున్నాకి వచ్చింది, పెట్టొచ్చు. వినపడకపోతే ఇంకా ఆగాలి. ఎండాకాలంలో కూడా అరగంట పడుతుంది, డిసెంబర్‌లో అయితే ఇంకా ఎక్కువ. ప్యాకుల్లో నీళ్లు కూడా మూతిదాకా నింపకూడదు, గీత దాకానే, ఐసు పొంగడానికి చోటు కావాలి. మా సెంటర్‌లో ఫార్మసిస్ట్ గారు ఈ విషయంలో చాలా మొండి మనిషి. "చెమట పట్టలేదమ్మా, కూర్చో" అంటారు, అంతే, ఇక ఎవరు ఫోన్ చేసినా ఇవ్వరు. మొదట్లో చిరాకు పడేదాన్ని, ఇప్పుడు ఆయన సెలవు పెడితే నాకు టెన్షన్.

చెప్పడానికి తేలికే. పొద్దున సెంటర్‌లో పరిస్థితి చూడండి. తొమ్మిదింటికి సెషన్ మొదలవ్వాలి, అప్పటికే ఆశ అక్క రెండుసార్లు ఫోన్ చేసి "మేడం, తల్లులొచ్చి కూర్చున్నరు" అంటుంది, ఆ రోజు టీకా వేయాల్సిన పిల్లల డ్యూ లిస్ట్ ప్రింటు ఇంకా రాలేదు, ఆటో అతను హారన్ కొడుతుంటాడు, వాట్సాప్ గ్రూపులో సెషన్ మొదలెట్టిన ఫొటో పెట్టమని మెసేజ్. ఆ అరగంట ఎక్కడి నుంచి తేవాలి? పబ్లిక్ హెల్త్‌లో ఫుల్ టైమ్ ఉద్యోగం అంటే జనం సూదులు వేయడం అనుకుంటారు. గర్భిణుల చెకప్పులు, బీపీ షుగర్ స్క్రీనింగ్, టీబీ మందులు ఆపేసినవాళ్ల ఇంటికి వెళ్లి బతిమాలడం, వానాకాలం వస్తే జ్వరాల సర్వే, కూలర్లలో నీళ్లు పారబోయించడం, వీటన్నిటికీ మళ్లీ రిజిస్టర్లు, వాటికి మళ్లీ యాప్‌లు. ఇన్నిటి మధ్య ఒక మనిషి నిలబడి ఐస్ ప్యాక్ చెమట పట్టేదాకా చూస్తూ కూర్చుంటే చూసేవాళ్లకి అది ఖాళీగా ఉన్నట్టే కనపడుతుంది. ఒక సెంటర్‌లో (ఏదో చెప్పను) పైనుంచి వచ్చిన ఒకాయన "ఈ ప్యాకుల ముందు ఏం జపం చేస్తున్నారు" అన్నారట, విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేస్తారు, నాకు భలే ఇష్టమైన పరీక్ష. అదే కంపెనీ, అదే బ్యాచ్ వయల్ ఒకటి కావాలనే ఫ్రీజర్‌లో పెట్టి పూర్తిగా గడ్డకట్టించి, బయట పెట్టి కరగనిస్తారు. అనుమానం ఉన్న వయల్‌ని, దీన్ని కలిపి ఒకే చేత్తో గట్టిగా ఊపి, పక్కపక్కనే టేబుల్ మీద పెట్టి, కంటి ఎత్తులో చూడాలి. గడ్డకట్టిన దాంట్లో విరిగిన పాలలో లాగా తునకలు తునకలుగా తేలి, గబగబా అడుక్కి దిగిపోతాయి, పైన తేట నీళ్లు మిగులుతాయి. బాగున్న వయల్ మాత్రం అప్పటికి ఇంకా తెల్లగా మబ్బుగానే ఉంటుంది. అనుమానం ఉన్నది కూడా ఫ్రీజర్‌దానంత వేగంగా దిగిందంటే, ఆ మందు పనికిరాదు. ఎంత చదువు రానివాళ్లకైనా ఇది ఒక్కసారి చూపిస్తే జీవితంలో ఐస్ ప్యాక్ తొందరపడి పెట్టరు. మా దగ్గర కొత్తవాళ్లకి ట్రైనింగ్‌లో స్లైడ్లు చూపించే బదులు ఈ రెండు వయల్స్ చేతికిస్తే చాలు అని నా అభిప్రాయం.

ఐపీవీకి ఈ పరీక్ష కూడా పనికిరాదు. అందులో అడుక్కి దిగే అల్యూమినియం లవణం ఉండదు, కాబట్టి గడ్డకట్టిందో లేదో కళ్లతో పట్టుకోలేం. 2016 జూన్‌లో అంబర్‌పేట దగ్గర మురుగునీటి నమూనాలో టైప్ 2 పోలియో వైరస్ దొరికిందని ఊరంతా గోల అయింది గుర్తుందా, వ్యాక్సిన్ నుంచి మారిన రకం అది, ఒక్క బిడ్డకి కూడా జబ్బు రాలేదు గానీ ఎవరూ రిస్క్ తీసుకోలేదు. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో మూడు లక్షల మందికి పైగా పిల్లలకి వారం రోజుల్లో ఐపీవీ వేశారు, చర్మంలోకి 0.1 మిల్లీలీటర్ చొప్పున. ఆ వారమంతా ఊరి గల్లీల్లో తిరిగిన నీలం డబ్బాలని తలుచుకుంటే, ఒక్కో దాని వెనకాల ఒక ఫార్మసిస్టో ఏఎన్ఎమ్మో చెవి దగ్గర ప్యాక్ పెట్టుకుని ఊపి చూసిన దృశ్యమే నాకు కనపడుతుంది. వార్తల్లో మాత్రం డోసుల లెక్కే వచ్చింది.

దీనికి మందు లేదా అంటే ఉంది. ప్యాకులు కండిషన్ చేయకపోయినా లోపల గడ్డకట్టకుండా మధ్యలో ఇంకో పొర పెట్టిన క్యారియర్లు వచ్చాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడా ఉంది వాటికి. కాకపోతే ఆ పొర వల్ల బరువు పెరుగుతుంది. నా చేతికి అది రాలేదు, వస్తే దాని మీద వేరే రాస్తా. బరువు పెరిగినా పర్లేదా అంటే, పట్టీ మార్చి ఇస్తే పర్లేదు.

పట్టీ అన్నాను కదా, అక్కడికే వస్తున్నా. నాలుగు ప్యాకుల్లో నీళ్లే కిలోన్నర దాకా ఉంటాయి, దానికి డబ్బా బరువు, రెండో భుజానికి బ్యాగు, అందులో సిరంజీలు, వాడిన సూదులు కత్తిరించే హబ్ కట్టర్, రియాక్షన్ వస్తే వాడే కిట్టు, రిజిస్టర్లు, బీపీ మిషన్, మన అన్నం డబ్బా. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద బస్తీలకో అడ్డగుట్టకో ఎప్పుడైనా ఎండలో ఎక్కారా? కొన్ని గల్లీల్లో ఆటో రాదు, స్కూటీ కూడా రాదు, మెట్లే. ఆ నైలాన్ పట్టీ సన్నగా ఉండి చీర మీద జారుతుంది, సరిచేసుకుందామంటే రెండో చేయి ఖాళీ ఉండదు, డబ్బా మూల వచ్చి నడుముకి కొడుతుంది. దీన్ని డిజైన్ చేసినవాళ్లు లోపలి వయల్ గురించి బాగానే ఆలోచించారు, బయట మోసే మనిషి గురించి ఆలోచించినట్టు లేదు, చీర కట్టుకున్న మనిషి గురించైతే అసలే లేదు. మాలో చాలామంది పట్టీకి పాత టవల్ ముక్క చుట్టి కుట్టుకున్నాం. వీపుకి తగిలించుకునేలా రెండు పట్టీలు పెడితే ఏం పోతుంది? స్విగ్గీ, జొమాటో పిల్లలు బిర్యానీని వీపు మీద హాయిగా మోసుకెళ్తున్నారు కదా.

సిటీ బస్సులో మరో ముచ్చట. ఆడవాళ్లకి ఫ్రీ అయ్యాక బస్సుల్లో రద్దీ తెలిసిందే, అందులో ఈ డబ్బాతో ఎక్కితే కండక్టర్ "ఏందమ్మా అది, చేపలా?" అని అడిగాడు ఒకసారి. పిల్లల మందు అని చెప్పగానే ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన్ని లేపి నాకు సీటిప్పించాడు, ఆ పెద్దాయన కూడా డబ్బాని ఒళ్లో పెట్టుకుంటానన్నాడు. ఇవ్వలేదనుకోండి, చేయి మారకూడదు మరి.

మూత గురించి ఒక హెచ్చరిక. సర్కారు సప్లైలో వచ్చినవాటికి మూత బాగా బిగుస్తుంది. ఒకసారి పల్స్ పోలియోకి డబ్బాలు చాలక కోఠిలో ఒక సర్జికల్ షాపు నుంచి కొన్ని అప్పటికప్పుడు తెప్పించారు. చూడటానికి అచ్చు అలాగే ఉన్నాయి, రంగు కూడా అదే. మూత వేసి చేత్తో అటూ ఇటూ కదిపితే మాత్రం లొడలొడలాడింది, లాక్ పడ్డాక కూడా ఒక పక్క సందు కనపడింది. మధ్యాహ్నానికి ప్యాకులన్నీ నీళ్లయిపోయాయి, నాలుగూ మార్చుకోవడానికి మనిషిని మళ్లీ సెంటర్‌కి పంపాల్సి వచ్చింది. షాపాయనకి ఫోన్ చేస్తే "మేడం, బిర్యానీకి వాడేవాళ్లెవరూ కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నాడు. ఇంక ఏం మాట్లాడతాం.

మంచి క్యారియర్‌ని కూడా మనవాళ్లు పాడు చేసే పద్ధతులున్నాయి. కుర్చీ లేకపోతే దాని మీదే కూర్చుంటారు. లోపల మజ్జిగ ప్యాకెట్టో వాటర్ బాటిలో దూరుస్తారు, ఎండాకాలంలో ఆ ఆశ కలగడం సహజమే గానీ ఊరికే మూత తీయడానికి అదొక కారణం అవుతుంది, తీసిన ప్రతిసారీ లోపలి చల్లదనం పోతుంది. సాయంత్రం తిరిగొచ్చాక తడి తుడవకుండా మూత బిగించి అల్మారా మీద పడేస్తే, మళ్లీ సెషన్‌కి తీసినప్పుడు బూజు వాసన. తుడిచి, మూత తీసి ఆరబెట్టాలి, పగుళ్లున్నాయేమో చూడాలి. ఇది మాత్రం మా మీద మేమే వేసుకోవాల్సిన మార్కు.

పనిలో ఉన్నప్పుడు దీన్ని చూస్తే ముచ్చటేస్తుంది. మొన్న నానక్‌రాంగూడ వైపు ఒక కన్‌స్ట్రక్షన్ లేబర్ క్యాంపులో సెషన్ పెట్టాం. బీహార్ నుంచి వచ్చిన అమ్మాయి, తొమ్మిది నెలల బాబు, అక్కడి కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి కొంగున ముడేసుకుని తెచ్చింది. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు. నాకు వచ్చిన హిందీ, ఆమెకి అర్థమయ్యే హిందీ రెండూ వేరే, అయినా పని జరిగిపోయింది. పొడి వయల్, దాంట్లో కలిపే ద్రవం (డైల్యూయెంట్), రెండూ డబ్బాలోంచే తీయాలి, డైల్యూయెంట్ కూడా చల్లగా ఉండాల్సిందే. కలిపి, లేబుల్ మీద టైము రాసి, ఐస్ ప్యాక్ మీద ఉండే గుండ్రటి గుంటలో నిలబెట్టాను. ఆ గుంట వయల్ కొలతకి సరిగ్గా సరిపోతుంది, ఇంత చిన్న విషయం ఎవరో ఆలోచించి పెట్టారు. (పెంటాని మాత్రం ఆ గుంటలో పెట్టకూడదు, కారణం పైన చెప్పిందే.) కలిపిన ఎంఆర్‌ని నాలుగు గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారేయాలి. ఆ క్యాంపులో ఆ రోజుకి ఎంఆర్ పిల్లవాడు ఒక్కడే, అయినా వయల్ తెరిచాం, ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలనే నియమం. ఎంఆర్ కుడి జబ్బకి, పీసీవీ తొడకి, ఐపీవీ ఎడమ జబ్బకి, నోట్లో విటమిన్ ఎ. బాబు ఆకాశం దద్దరిల్లేలా ఏడ్చాడు, పక్కనున్న పిల్లలంతా డబ్బా చుట్టూ చేరి ఐస్‌క్రీమ్ ఉందా అని అడిగారు. ప్రతిచోటా అడుగుతారు.

చదివేవాళ్లలో తల్లిదండ్రులుంటే మీకు పనికొచ్చే ముక్క ఒకటి. గేటెడ్ కమ్యూనిటీల్లో కొందరు అమ్మలు వచ్చి డబ్బా మీద చేయి పెట్టి చూసి "కోల్డ్ చైన్ మెయింటైన్ చేస్తున్నారా సిస్టర్" అని అడుగుతారు. అడగడం మంచిదే, నాకేం కోపం రాదు. కానీ డబ్బా పైన చేయి పెడితే ఏం తెలియదు, బయట వేడిగానే ఉంటుంది. దానికి బదులు వయల్ చూపించమనండి. దాని మీద ఒక రంగు గుండ్రం, మధ్యలో చిన్న చతురస్రం ఉంటాయి, పైన చెప్పిన వీవీఎం అదే. మధ్యలో చతురస్రం గుండ్రం కంటే లేతగా ఉంటే మందు వేడికి పాడవలేదు. రెండూ ఒకే రంగులో కలిసిపోతే, లేదా చతురస్రం ముదురుగా మారితే వాడకూడదు. చలి సంగతి తెలుసుకోవాలంటే "ఐస్ ప్యాకులు కండిషన్ చేసే పెట్టారా" అని అడగండి. ఆ ప్రశ్న ఒక తల్లి నోటి నుంచి వస్తే ఏఎన్ఎం మీ వైపు ఇంకోసారి చూస్తుంది, గ్యారంటీ. సూది వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి, ఆటో వెయిటింగ్‌లో ఉందని పరుగెత్తకండి.

ఇక కొనాలా వద్దా. రివ్యూ కాబట్టి చెప్పాలి కదా. ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్నవాళ్లు ప్రయాణాల్లో ఇన్సులిన్ కోసం ఇలాంటి డబ్బా కొనాలా అని నన్ను అడుగుతూ ఉంటారు. వద్దు. ఇన్సులిన్ కూడా గడ్డకడితే పనికిరాదు, ఇంట్లో ఫ్రీజర్‌లోంచి తీసిన ఐసు పక్కన పెట్టి మొయ్యడం అంటే మందుని చేతులారా చంపుకోవడమే. వాడుతున్న పెన్నుకో వయల్‌కో అంత చలి అవసరం లేదు కూడా, ఎండ తగలకుండా నీడపట్టున ఉంచితే మామూలు గది చల్లదనంలో దాదాపు నాలుగు వారాలు వాడుకోవచ్చు, మీ ఇన్సులిన్ డబ్బాలో ఉన్న కాగితం మీద ఎన్ని రోజులో రాసే ఉంటుంది. తెరవనివి మాత్రం ఫ్రిజ్‌లో, ఫ్రీజర్ గోడకి తగలకుండా, తలుపు అరలో పెట్టండి. ఫ్రిజ్ లేని ఇళ్లలో మేం చెప్పేది మట్టికుండ పద్ధతి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మందుని కవర్లో చుట్టి దాంట్లో పెట్టి, పైన తడిగుడ్డ కప్పమంటాం. ఎండాకాలంలో రేకుల ఇంట్లో కూడా కుండ లోపల బయటికంటే చల్లగా ఉంటుంది. ఇసుక ఆరిపోకుండా రోజూ నీళ్లు చల్లాలి, ఆ ఒక్క పని ఎవరిదో ఇంట్లో ముందే తేల్చుకోండి.